మూఢంలో మందు

“సాయంత్రం అయిదింటికి ప్రమాణం మేడమ్. అంతకుముందే ఏదో ఒకటి తేల్చీయాల,” అన్నాడు గంగులు, స్టేషన్లో భరణి చేతిలోని సంచి అందుకుంటూ.

భరణి గడియారం చూసుకుంది. పదకొండుకు పది నిమిషాలు తక్కువ. పొద్దున్న ఏడున్నరకు వచ్చిన ఫోనులో అతను అన్నది ఒకే మాట: ‘మా ఆవిడ మీద దొంగతనం మోపినారు, రండి.’ ఆ గొంతులో వణుకు విని, పొయ్యి మీది పప్పు దించేసి, దేవుడి దగ్గర దీపం కొండెక్కకుండా చూడమని భర్తకు చెప్పి, విజయనగరంలో పాసింజరు ఎక్కేసింది. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి. మాట కంటే ముందు గొంతు వినడం అలవాటు. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ పని పెట్టుకున్నాక కూడా ఆ అలవాటే అన్నం పెడుతోంది.

“మొదటి నుంచీ చెప్పు బాబూ. వారాలూ గంటలూ వదలకుండా చెప్పు.”

ఆమదాలవలస స్టేషన్ నుంచి కొట్టు దాకా ఎనిమిది నిమిషాల నడక. ఆ ఎనిమిది నిమిషాల్లో గంగులు చెప్పింది ఇదీ.

చేపల కొట్టు వాళ్ళమ్మ గున్నమ్మది. తెల్లవారకముందే తల్లీ కొడుకూ రేవుకు వెళ్ళి, పడవల దగ్గర సరుకు తెస్తారు. ఆ వేళకు కొట్టు తెరిచి కంప్యూటర్ దగ్గర కూర్చునేది గంగులు భార్య దేవి. విజయనగరంలో మూడు కాలేజీ హాస్టళ్ళూ, ఎస్. కోటలో ఒక హోటలూ మర్నాటి ఆర్డరు ముందురోజు సాయంత్రం మెయిల్లో పంపుతాయి. పోయిన గురువారం నుంచి ఏదో పాడు గాలి సోకింది. ‘రేపు సరుకు పంపలేము, వేరేచోట చూసుకోండి’ అని హాస్టళ్ళకు మెయిల్ వెళ్ళింది. వెళ్ళింది ఎక్కడి నుంచో కాదు, ఈ కొట్టు మెయిల్ నుంచే. హాస్టల్ వాళ్ళు కంగారుపడి కూర్మయ్య అనే ఇంకో వ్యాపారికి ఫోన్ చేసుకున్నారు. గంగులు బండి వెళ్ళేసరికి కూర్మయ్య వేను ఖాళీ అయి ఎదురొచ్చింది. ఇలా మూడుసార్లు.

“మెయిల్ పాస్‌వర్డు ఎవరికి తెలుసు?”

“దేవి ఒక్కదానికే.”

“కూర్మయ్య వేను ఎవరు తోలతారు?”

గంగులు నడక తగ్గించాడు. “వెంకీ. దేవికి సొంత అన్న.”

భరణి తలూపింది. ఇంకెవరికైనా ఈ రెండు ముక్కలూ చాలు, తీర్పు చెప్పేయడానికి.

“అందుకని సాయంత్రం మరిడమ్మ గుడి కాడ దేవి అరచేతిలో కర్పూరం ఎలిగించి, తప్పు సెయ్యలేదని ప్రమాణం సెయ్యాలంటంది అమ్మ.”

“దేవి ఏమంది?”

“సేస్తానంది. అందుకే మీకు ఫోన్ సేసినాను. సేసి, అట్నుంచటే పుట్టింటికి ఎల్లిపోతానంది. ‘అమ్మోరి ముందు నిలబెట్టినోళ్ళ ఇంట్లో మళ్ళీ అన్నం తినలేను’ అంది. అది ఒక మాటంటే అన్నట్టే మేడమ్. ఎనక్కి తీసుకోదు.”

అమ్మవారి మీద భరణికి గురి తక్కువేం కాదు. మంగళవారం పైడితల్లిని చూడకుండా కాఫీ ముట్టదు. కానీ ఒక సంగతి ఆమె మనసుకు ఎప్పుడూ సర్దుకోలేదు. మనం కళ్ళతో చూడగలిగినది చూడకుండా, అడగగలిగినది అడగకుండా, ఆ బరువంతా తీసుకెళ్ళి ఆ తల్లి నెత్తిన పెట్టడం భక్తేనా? లేక బద్ధకమా?

* * *

గున్నమ్మ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. లేవలేదు కానీ బల్ల మీద చోటిచ్చింది.

“కూకోమ్మా. నా కొడుకు నిన్ను పిలిసినాడని తెలుసు. పిలవనీ. కాళ్ళు కడుక్కుంటావా, ముందు మజ్జిగ తాగుతావా?”

“ముందు అడుగుతాను అక్కా, తరవాత తాగుతాను. నీ కోడలు ఈ పని చేసిందని నీ మనసు చెబుతోందా?”

“మనసుకేటి! గొడ్డు లాంటిది. ఎటు తోలితే అటెల్తాది. మా కంప్యూటరు కొట్టు యుగంధరు కాయితం తీసినాడు. కాయితం సెప్తన్నాది.”

“కాగితం సంగతి అతన్నే అడుగుతాను. నువ్వు చెప్పు. రెండేళ్ళుగా దేవి ఈ కొట్లో కూర్చుంటోంది కదా. ఒక్క ఆర్డరు తేడా వచ్చిందా?”

“రాలేదు.”

“ఒక్క చేప?”

గున్నమ్మ తల అడ్డంగా ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అందుకేనమ్మా గుండె మండుతన్నాది. బయటి మనిషి సేస్తే నాలుగు తిట్టి మరిసిపోతాను. దీన్ని నాను కోడల్లాగ ఎప్పుడు సూసినాను?”

దేవి లోపల కంప్యూటర్ ముందు ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. పక్కనే చిన్న గుడ్డసంచి, మూతి ముడివేసి ఉంది. భరణి ఆ సంచిని చూసీ చూడనట్టు, స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంది.

“నాను సెయ్యలేదండి.”

“ఆ మాట నేను అడగలేదమ్మా. నీ ఫోను చూపించు.”

దేవి చూపించింది. బొత్తాల ఫోను. మాట్లాడటానికి తప్ప మరి దేనికీ పనికిరాదు.

“మెయిల్ పాస్‌వర్డు ఎక్కడైనా రాసిపెట్టావా? గంగులుకి చెప్పావా?”

“లేదండి. ఆయన అడగలేదు.”

“గురువారం ముందు రోజులు గుర్తు తెచ్చుకో. మెయిల్ తెరిచేటప్పుడు ఏదైనా కొత్తగా అనిపించిందా? చిన్న తేడా అయినా సరే.”

దేవి కళ్ళు మూసుకుని ఆలోచించింది. “గురువారం పొద్దున్న... పాస్‌వర్డు కొడితే తప్పన్నాది. నాను సరిగ్గానే కొట్టినాను. మళ్ళీ కొడితే తెరుచుకున్నాది. అక్షరం జారిందేమోననుకున్నాను.”

“ఎన్నింటికి?”

“ఎనిమిదిన్నర. అప్పుడే ఇడ్లీబండి వెళ్ళింది.”

“మొదటిసారి కొట్టినప్పుడు, పైన అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉందా?”

“సూడలేదండి. తాళం బొమ్మ సూడాలని నాకెవులూ సెప్పలేదు.”

భరణి కలం తీసి రాసుకుంది: గురువారం, ఎనిమిదిన్నర, రెండుసార్లు. రాస్తూ ఆ పిల్ల తలమీద చెయ్యి వేసింది. “ఎవరూ చెప్పనిది తెలియకపోవడం తప్పు కాదు తల్లీ.”

అంతవరకూ నిబ్బరంగా ఉన్న దేవి అప్పుడు ఏడ్చింది.

* * *

“ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు మేడమ్. పాపం, ఈశ్వరుడి దగ్గర లాగ్ షీట్ లేదు. నా దగ్గరుంది.”

గుమ్మంలో యుగంధర్. బజారులో కంప్యూటర్ కొట్టు అతనిదే. ఈ కొట్టుకు కంప్యూటరూ, రూటరూ బిగించింది అతనే. ఒక చేతిలో కాగితం, ఇంకో చంకలో పెద్ద పెట్టె.

“మీరేనా టెలిఫోన్ మేడమ్? ట్రింగు ట్రింగు రోజులు పోయాయండీ.”

“పోయాయి బాబూ. రాంగ్ నంబర్లు మాత్రం పోలేదు. ఏదీ ఆ కాగితం?”

అతను కాగితాన్ని పెళ్ళి శుభలేఖ అందించినంత ఠీవిగా అందించాడు. “నిన్న మధ్యాహ్నం రూటర్లోంచి తీశాను. చూడండి. జనవరి ఇరవై నాలుగు, బుధవారం, ఉదయం ఆరూ పది. ఎవరో సెట్టింగుల్లోకి వెళ్ళి అడ్రసు మార్చారు. అప్పట్నుంచే ఈ గోలంతా. పొద్దున్న ఆరూ పదికి ఈ కొట్లో ఎవరుంటారు? గున్నమ్మ గారూ, మీరే చెప్పండి.”

“మేం రేవు కాడుంటాం,” అంది గున్నమ్మ గుమ్మంలోంచి, నేల చూస్తూ. “ఇదొక్కతే ఉంటాది.”

“అంతే కదా. నిప్పు లేనిదే పొగ రాదు.”

“ఇంతకీ ఆ అడ్రసు ఏమిటి? నా సంగతి పక్కన పెట్టండి, గున్నమ్మక్కకు అర్థమయ్యేలా చెప్పండి.”

యుగంధర్ తల గోక్కున్నాడు. ఎన్నో చోట్ల బిగించాడు కానీ, చేపలమ్మే మనిషికి రూటర్ అంటే ఏమిటో చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

భరణే అందుకుంది. “రూటర్ అంటే వీధి మొదట్లో నిలబడి దారి చెప్పే మనిషి అనుకో అక్కా. దేవి ‘పోస్టాఫీసు ఎటు’ అని అడిగితే సరైన దారి చూపాలి. బుధవారం ఎవడో వాడి చెవిలో తప్పు దారి ఊదాడు. గురువారం పొద్దున్న వాడు దేవిని పోస్టాఫీసు బోర్డు తగిలించుకున్న దొంగ ఇంటికి పంపాడు. దేవి అక్కడ తాళంచెవి ఇచ్చింది. దొంగ దాన్ని అచ్చు తీసుకుని, ‘తప్పు, మళ్ళీ కొట్టు’ అని అసలు పోస్టాఫీసుకి పంపేశాడు. అందుకే ఆ రోజు పాస్‌వర్డు రెండుసార్లు అడిగింది.”

“సరే, ఆ ఊదింది ఎవరు? అదే కదా నేను చెప్తున్నది!” అన్నాడు యుగంధర్.

“నేను అడిగేదీ అదే. రూటర్ ఎక్కడ?”

అమ్మవారి పటం పక్కన, అరమీద ఉంది. విజయదశమికి పెట్టిన పసుపూ కుంకుమా ఇంకా దాని నుదుటిమీద ఉన్నాయి. భరణి ముందు అమ్మవారికి దండం పెట్టుకుని, తరవాత దాన్ని కిందికి దించింది. అడుగున కంపెనీ చీటీ ఉంది: మోడల్ నంబరు, వాడేవారి పేరు, పాస్‌వర్డు.

“ఇవి కంపెనీ వాడు ఇచ్చినవి. మార్చారా?”

“ఏ కస్టమరుకీ మార్చం మేడమ్. మర్చిపోయి మళ్ళీ మా ప్రాణాలు తీస్తారు.”

“అంటే మీరు తాళాలు అమ్మి, అన్నిటికీ ఒకటే చెవి ఇస్తున్నారు. సరే, దీని సెట్టింగుల పేజీ తెరవండి.”

తెరిచాడు. భరణి కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగింది. పేజీ మూలన చిన్న అక్షరాల్లో తేదీ, గంట కదులుతున్నాయి. ఆమె చాలాసేపు వాటినే చూసింది.

“యుగంధర్ గారూ, మీ చేతి వాచీలో టైమెంత?”

“పదకొండూ ముప్ఫై అయిదు.”

“గంగులూ, నీ ఫోన్లో?”

“అంతే మేడమ్.”

“ఇక్కడెంత?”

యుగంధర్ వంగి చూశాడు. ఆరూ అయిదు. అతని ముఖంలోని ఠీవి కిందికి జారింది.

“అయిదున్నర గంటలు వెనక ఉంది,” అంది భరణి మెల్లగా. “మీరు బిగించిన రోజున దీనికి మన దేశం గంట చెప్పడం మర్చిపోయారు. రెండేళ్ళుగా ఇది లండనులో కాపురం చేస్తోంది. ఇదిగో, మీ కాగితం మళ్ళీ చదవండి. బుధవారం ఆరూ పది అంటే మనకెంత?”

“పదకొండూ... నలభై.”

“బుధవారం ఇరవై నాలుగు. ఆ రోజేమిటి గున్నమ్మక్కా?”

గున్నమ్మ వేళ్ళు లెక్కపెట్టక్కర్లేకపోయింది. “రథసప్తమి. కొట్టు మూసీసి అరసవల్లి ఎల్లినాం. ఎనిమిదింటికి ఎల్లిపోయినాం.”

“ఎవరెవరు?”

“నాను, ఇది. గంగులు బండి కాడ ఉండిపోయినాడు.”

“పదకొండూ నలభైకి దేవి ఎక్కడుంది?”

“లైన్లో ఉన్నాది. నా పక్కనే.”

“ఎలా చెప్పగలవు? లైనులో గడియారం చూశావా?”

జవాబు గంగులు దగ్గర నుంచి వచ్చింది. ఫోన్లో వేళ్ళు గబగబా కదిలించి తెర ముందుకు పెట్టాడు. “ఇదిగో మేడమ్! ఇరవై నాలుగు, పదకొండూ ముప్ఫై ఎనిమిది. దేవి ఫోన్. ‘అత్తకి కళ్ళు తిరుగుతన్నాయి, నీళ్ళు అట్టుకురా’ అంది. నాలుగు నిమిషాలు మాటాడినాను, ఏ గేటు కాడున్నారో తెలీక.”

యుగంధర్ తెర మీది ఆ అంకెలు రెండుసార్లు చదువుకున్నాడు.

“ఫోన్లోంచి కూడా సెట్టింగులు మార్చొచ్చు కదా,” అన్నాడు యుగంధర్, కానీ ఆ గొంతులో బలం లేదు.

“ఆ బొత్తాల ఫోనుతోనా? మాట్లాడుతూనా?”

అతను కాగితాన్ని రెండుగా మడిచాడు. తరవాత నాలుగుగా.

గున్నమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. “ఆ ఏళకి నా తల దీని భుజం మీద ఉన్నాది,” అంది. ఎవరితోనో కాదు, తనతోనే. “పొద్దుటి నుంచీ ఉపాసం. పడిపోతానని నన్ను రెండు సేతుల్తో అట్టుకున్నాది. నా ముఖానికి దీని కొంగు అడ్డం పెట్టింది, ఎండ తగలకుండా. ఒక సేత్తో నన్ను, ఒక సేత్తో ఫోన్ను.” కోడలి వైపు చూసింది. “సాక్షిని నానే ఉండి, అమ్మోరిని సాక్షికి పిలిసినానేటమ్మా?”

భరణి స్టూలు ఆమె వైపు జరిపింది. కొన్ని ప్రశ్నలకు అడిగినవాళ్ళే జవాబు.

* * *

“తాళం వేసిన కొట్లోకి ఎవడో వచ్చాడు. గోడ దూకలేదు, తలుపు తియ్యలేదు,” అంది భరణి, మజ్జిగ గ్లాసు అందుకుంటూ. “ఈ రూటరుకి ఏదో కంత ఉండాలి. దేవీ, దీని పేజీలో ‘కొత్త వెర్షన్ ఉంది’ అని ఎప్పుడైనా కనిపించిందా?”

దేవి అత్త వైపు చూసింది. చూసి తల దించుకుంది.

“చెప్పమ్మా.”

“డిసెంబరు ఆఖర్లో కనిపించిందండి. ‘నొక్కీనా అత్తా’ అని అడిగినాను.”

“మరి?”

“నానే వద్దన్నాను,” అంది గున్నమ్మ. “అప్పటికే మూఢం ఒచ్చీసింది కదమ్మా. మూఢంలో కొత్తదేదీ మొదలెట్టకూడదు. మూఢం ఎల్లిపోయినాక సేద్దువులే అన్నాను.”

యుగంధర్ నవ్వబోయాడు. భరణి చూపు తగిలి ఆగిపోయాడు.

ఆమెకు నవ్వు రాలేదు. ఆమె కూడా మూఢంలో కొత్త చీర కట్టదు. శుక్రుడు కనపడని రోజుల్లో శుభకార్యం వద్దని పెద్దలన్నారు, సరే. దేనికి వద్దన్నారో, దేనికి వద్దనలేదో అది మాత్రం మనమే తెలుసుకోవాలి కదా.

“అక్కా, నీకు షుగరుందా?”

“ఆరేళ్ళ నుంచి.”

“మూఢంలో మాత్ర మానేశావా?”

“ఓలమ్మ, మందుకి మూఢమేటి?”

అన్నాక గున్నమ్మ నోరు అలాగే ఉండిపోయింది.

“అది కొత్త వస్తువు కాదక్కా, మందు. ఈ పెట్టెలో ఫలానా చోట కంత ఉందని కంపెనీ వాడికి తెలిసింది. పూడ్చే మందు పంపాడు. అదే వెర్షనంటే. ఆ కంత సంగతి దొంగలకూ తెలుస్తుంది. మందు వేసుకోనివాళ్ళ తలుపులు వెతుక్కుంటూ తిరుగుతారు.”

“అయితే తలుపు తీసింది నానేనా?”

“నాకు తెలిస్తే మాత్రం, నువ్వు వద్దన్నాక నాను నొక్కుతానా అత్తా,” అంది దేవి. పొద్దున్నుంచీ అత్తను పిలవడం అదే మొదటిసారి. అది గమనించింది గున్నమ్మ ఒక్కతే కాదు.

యుగంధర్ గొంతు సవరించుకున్నాడు. వ్యాపారస్తుడికి వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడే కిటికీ. “అందుకే కొత్తది పట్టుకొచ్చాను. చూడండి, ఎనిమిది యాంటెనాలు. ఇక్కడ పెడితే స్టేషన్లో కూడా సిగ్నల్ వస్తుంది. ఎనిమిది వేలే.”

“స్టేషన్లో ఎవరికి కావాలి? కొట్టు వెడల్పు పన్నెండడుగులు. కొమ్ములు చూసి గేదెను కొంటామా? పాలెన్నాళ్ళిస్తుందో అడుగుతాం. దీనికి కంపెనీ ఆఖరిసారి మందు ఎప్పుడు పంపింది?”

“అంటే... అది చూడాలి.”

“దేవి చూస్తుంది.”

“నానా?”

“ఈ పెట్టె దగ్గర రోజూ కూర్చునేది నువ్వు. నువ్వే ఎంచాలి. ఈ కొట్టు నెట్టు ముట్టుకోకు, నా ఫోను తీసుకో. కంపెనీ సైటులో మోడల్ నంబరు కొట్టు. డౌన్‌లోడ్లు అన్నచోట తేదీలుంటాయి.”

దేవి తెర మీద వేలు పెట్టి జాగ్రత్తగా నొక్కింది. చదివింది. “ఎనిమిది యాంటెనాలది... రెండువేల పదహారు, ఫిబ్రవరి. తరవాత ఏటీ లేదండి.”

“రెండేళ్ళు. అంటే కన్నవాళ్ళే వదిలేసిన బిడ్డ. యుగంధర్ గారూ, మీ కొట్లో ఇంకేమున్నాయి?”

అతను అయిష్టంగా నాలుగు పేర్లు చెప్పాడు. దేవి ఒక్కొక్కటీ వెతికింది. ఒకదానికి మందు తేదీలే లేవు. ఇంకోదానికి ఏడాది కిందట ఆగిపోయాయి. మూడోది చౌకగా ఉంది, రెండు యాంటెనాలే. దేవి దాని దగ్గర ఆగింది.

“దీనికి పోయిన నెలే వచ్చిందండి. అంతకుముందు అక్టోబరులో. అంతకుముందు జూలైలో.”

“ఇంకా చూడు. తనంతట తాను వేసుకుంటుందా, నువ్వు నొక్కాలా?”

“తానే వేసుకుంటాదట. రాత్రి మూడింటికి అని పెట్టుకోవచ్చట.” దేవి గొంతులో ఏదో మేలుకుంది. “కొట్టుకొచ్చినోళ్ళకి వేరే వై-ఫై ఇవ్వచ్చట, మన కంప్యూటరు వాళ్ళకి కనపడదట. మూడేళ్ళు వారంటీ.”

“వెల?”

“రెండువేల రెండొందలు,” అన్నాడు యుగంధర్ నీరసంగా. “మేడమ్, అందులో నాకేమీ మిగలదు.”

“మనశ్శాంతి మిగులుతుంది. బిగించేటప్పుడు కంపెనీ పాస్‌వర్డు మార్చి, బయటి నుంచి సెట్టింగుల్లోకి వచ్చే దారి మూసి, మన గంట పెట్టి ఇవ్వండి. దేవి పక్కన నిలబడి చూస్తుంది. ఇకనుంచి ఏ కొట్లో బిగించినా అలాగే చెయ్యండి బాబూ. మీరు చెడ్డవారని నేననుకోవడం లేదు. తొందరపడ్డారు.”

యుగంధర్ దేవి వైపు తిరిగాడు. “అమ్మా, ఆ కాగితం నేను చింపేస్తాను,” అన్నాడు.

“వద్దు,” అంది భరణి చెయ్యి చాపి. “అది దేవి తరఫు సాక్ష్యం. ఇటివ్వండి.”

అతను కాగితం ఇచ్చి, ఎనిమిది యాంటెనాల పెట్టెను చంకన పెట్టుకుని వెళ్ళాడు.

గున్నమ్మకు ఇంకో చిక్కు మిగిలి ఉంది. “మూఢం ఇంకా ఎల్లలేదు కదమ్మా. కొత్త పెట్టె...” అని, తనే ఆపేసి, “పోనీ. తాళం పోయినింట్లో మూఢమని తలుపులు తెరిసి పడుకుంటామా? కొనండి,” అంది. అని కోడలి పక్కనున్న గుడ్డసంచి మూతి ముడి విప్పింది. అందులోంచి రెండు చీరలూ, ఒక దువ్వెనా తీసి లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో అన్నం కంచం ఉంది.

“పొద్దుటి నుంచి తినలేదు నువ్వు. నోరు తెరువు.”

“అత్తా, నాను తింటాను...”

“తెరువొసే. నా సేతి ముద్ద కాదనకు.”

భరణి తల తిప్పుకుని రూటర్ వైపు చూస్తూ కూర్చుంది. అదేమీ అంత చూడదగ్గ వస్తువు కాదు.

* * *

నాలుగుంపావుకి కొత్త రూటర్ అరమీద ఎక్కింది. దేవి దాని గంటను తన చేత్తో సరిచేసింది. యుగంధర్ పని ముగించుకుని, భరణికి నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

“ఇప్పుడు మెయిల్,” అంది భరణి. “పాస్‌వర్డు మార్చు. ఎవరి పేరూ, ఏ దేవుడి పేరూ, పుట్టినరోజూ వద్దు. మార్చాక ప్రతి అరా తెరిచి చూద్దాం. పంపినవి, తీసేసినవి, సగం రాసి ఆపినవి.”

పంపినవాటిలో దొంగ రాసినవి లేవు. తీసేశాడు. తీసేసినవాటిలో మూడూ దొరికాయి. పొడి పొడి ఇంగ్లీషు, ఎవరైనా రాయగలిగేవి. సగం రాసి ఆపినవాటిలో ఒకటే ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నాలుగు చోట్లకూ ఒకేసారి పంపడానికి సిద్ధంగా ఉంది. దేవి కూడబలుక్కుని చదివింది.

“‘అయ్యా, మా కోడలు దేవి అమ్మోరి కాడ తప్పు ఒప్పీసుకున్నాది. పుట్టింటికి ఎల్లిపోనాది. ఇకమీదట ఆర్డర్లు మెయిల్లో ఎట్టకండి. ఎప్పట్లాగ మనిషొస్తాడు, ఆడికే సెప్పండి. ఇట్లు, గున్నమ్మ.’”

“నానెప్పుడు రాసినాను!” అంది గున్నమ్మ.

భరణి తేదీ చూసింది. మళ్ళీ చూసింది. ఇది రూటర్ గడియారం కాదు, మెయిల్ కంపెనీ గడియారం. తప్పదు.

“అక్కా, దేవి చేత ప్రమాణం చేయించాలని నువ్వు ఎప్పుడనుకున్నావు?”

“ఇయాల పొద్దున్న. ఏడు కాలేదు.”

“నిన్న అనుకోలేదూ? ఎవరితోనైనా అన్నావేమో చూసుకో.”

“లేదమ్మా. నిన్న కూర్మయ్యనే తిట్టుకున్నాను. ప్రమాణం మాట నా మనసులోనే లేదు.”

“ఇది రాసిపెట్టింది నిన్న రాత్రి ఎనిమిదీ యాభై రెండుకి.” భరణి గొంతు తగ్గింది. “ప్రమాణం సంగతి నీకంటే పది గంటల ముందు ఎవరికో తెలుసు. పొద్దున్న ఆ మాట నీ చెవిన వేసింది ఎవరక్కా?”

గున్నమ్మ కొడుకు వైపు తిరిగింది. గంగులు ముఖం పాలిపోయింది.

“మావ,” అన్నాడు. “అమ్మ తమ్ముడు. లక్ష్ముడు మావ. ‘మనసులో ఎట్టుకుని కుమిలిపోకక్కా, అమ్మోరి మీద ఒదిలీ’ అన్నాడు. నా ముందే అన్నాడు.”

“ఈ ‘ఎప్పట్లాగ వచ్చే మనిషి’ ఎవరు?”

“మావే. దేవి రాకముందు రైలెక్కెల్లి హాస్టళ్ళు తిరిగి ఆర్డర్లు తెచ్చీవోడు. మెయిలొచ్చినాక మానేసినాడు. కానీ మేడమ్, మావకి ఫోన్లో పేరు ఎతకడం కూడా రాదు!”

“చేతులు ఇంకెవరివో అయ్యుంటాయి. మాట ఎవరిదో మీరే చెప్పాలి. రథసప్తమికి ఆయన మీతో వచ్చాడా?”

“కాళ్ళు నొప్పులన్నాడు,” అంది గున్నమ్మ.

దేవి తెర వైపే చూస్తోంది. “‘ఒప్పీసుకున్నాది’ అని రాసినాడు,” అంది. “నాను ఒప్పుకోను కదా. నాను సెయ్యలేదని సెప్పడానికి కదా ఎల్తన్నది. ఒప్పుకున్నానని ముందే ఎలా రాసినాడు?”

పొద్దున్నుంచీ భరణి అడగని ప్రశ్న అదొక్కటే. ఒప్పుకోని మనిషి చేత ఒప్పించడానికి ఆ గుడి దగ్గర ఏదో సిద్ధమై ఉంది. ఎవరో ఎదురుచూస్తూ ఉన్నారు.

బయట ఆటో ఆగింది. ఇంజను ఆపలేదు.

“అక్కా!” మగగొంతు. నిదానంగా, ప్రేమగా ఉంది. “నాలుగూ ముప్పావయిపోనాది. కర్పూరం నానే తెచ్చినాను. కోడలు గుంటని తీసుకురా, ఎల్దాం.”

గంగులు గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. గున్నమ్మ అతని జబ్బ పట్టి వెనక్కి లాగింది. కోడలిని తన వీపు వెనక్కి జరుపుకుని, గొంతు సవరించుకుని, ఎప్పుడూ పిలిచే పిలుపే పిలిచింది.

“లోపలికి రారా తమ్మూ. ఆటోలో ఇంకెవులున్నారు?”